మ్యాప్ మాచర్ల ఎండకు వేయించుకోండి

నరసరావుపేటలో బంకు దగ్గర బండి ఆపగానే వినపడే మొదటి మాట ఇది: "సార్, నార్మలా, పవరా?" వెనక నాలుగు బండ్లు హారన్ కొడుతుంటాయి. పక్క సీట్లో బావమరిది ఉంటాడు. "నార్మల్" అనటానికి నోరు రాదు. "పవర్ కొట్టు, ఫుల్" అనేస్తారు. ఆ నిర్ణయంలో బండి అవసరం ఎంత? సున్నా. మొహమాటం ఎంత? మొత్తం.

ఈ మొహమాటమే పిల్లల కాలేజీ దగ్గర, ఫోను దగ్గర, ఫంక్షన్ హాలు దగ్గర మన చేత డబ్బు పెట్టిస్తుంది. అక్కర్లేని చోట ఖరీదైనది కొంటాం. నిజంగా కావలసిన చోటేమో "ఈసారికి సర్దుకుందాంలే" అంటాం. ఈ రెండు తప్పుల్లో దేన్నీ క్షమించని వస్తువు ఒకటుంది. అది ట్యూన్ చేయించిన కారు. కంపెనీ ఇచ్చిన టర్బో ఇంజన్‌కు రీమ్యాప్ వేయించి (అంటే ఇంజన్ కంప్యూటర్లోని లెక్కల పట్టికను, మ్యాప్‌ను, తిరగరాయించి), బూస్ట్ (ఇంజన్‌లోకి గాలిని కుక్కే ఒత్తిడి) పెంచి, పికప్ చూసి మురిసిపోయే కుర్రాడికి ట్యాంకు నింపిన ప్రతిసారీ ఒక పరీక్షే. అందులో నెగ్గటం నేర్చుకున్నవాడికి డబ్బు, సమయం, శ్రమ ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో కూడా తెలిసిపోతుంది.

ఆక్టేన్ బలం కాదు, ఓర్పు

ముందు ఒక భ్రమ వదిలించుకుందాం. ఆక్టేన్ ఎక్కువగా ఉన్నంత మాత్రాన పెట్రోల్లో శక్తి ఎక్కువ ఉండదు. సిలిండర్లో పెట్రోలు ఆవిరీ గాలీ కలిసి నొక్కుకుపోతాయి. స్పార్క్ ప్లగ్ అంటించిన మంట అక్కణ్ణుంచి వరసగా పాకాలి. అది చేరేలోపే మూలన ఉన్న మిశ్రమం వేడికీ ఒత్తిడికీ తాళలేక తనంతట తాను పేలిందా, దాన్నే నాకింగ్ అంటారు. ఎంత ఒత్తిడి వరకు పెట్రోలు అలా తొందరపడకుండా ఉంటుందో చెప్పేదే ఆక్టేన్ అంకె. 1926 ప్రాంతంలో అమెరికాలో గ్రాహం ఎడ్గర్ ఈ కొలతను రూపొందించాడు. ఇట్టే నాక్ అయిపోయే హెప్టేన్‌కు 0, బాగా తట్టుకునే ఐసో-ఆక్టేన్‌కు 100 అని పెట్టుకున్నారు. 95 పెట్రోలంటే, 95 పాళ్ళు ఐసో-ఆక్టేన్, 5 పాళ్ళు హెప్టేన్ కలిపిన ద్రవం ఎంత తట్టుకుంటుందో అదీ అంతే తట్టుకుంటుందన్న మాట.

ఓర్పు వేరు, శక్తి వేరు అనటానికి రుజువు మన బంకుల్లోనే ఉంది. ఇథనాల్ కలిపితే పెట్రోలు ఆక్టేన్ పెరుగుతుంది. కానీ లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోల్లో కన్నా దాదాపు మూడో వంతు తక్కువ. అంకె పైకి పోయింది, శక్తి కిందికి వచ్చింది.

మరి మంచి పెట్రోలు పోస్తే బండి దూసుకుపోయేది ఎప్పుడు? ఇంజన్ తన ఒత్తిడి తాను పెంచుకున్నప్పుడు. 1940లో బ్రిటన్ గగనతల యుద్ధానికి ముందు స్పిట్‌ఫైర్, హరికేన్ విమానాలకు 87 ఆక్టేన్ పెట్రోలు మానేసి 100 ఆక్టేన్ పోయటం మొదలుపెట్టారు. వాటి మెర్లిన్ ఇంజన్ బూస్ట్‌ను చదరపు అంగుళానికి 6 పౌండ్ల దగ్గర నుంచి 12 పౌండ్ల దాకా పెంచుకునేలా మార్చారు. విమానం వేగం పెరిగింది ఆ బూస్ట్ వల్ల. ఆ బూస్ట్‌ను ఇంజన్ పగలకుండా భరించగలిగింది ఆ పెట్రోలు వల్ల. బూస్ట్ పెంచకుండా 100 పోసి ఉంటే బిల్లు తప్ప ఏమీ పెరిగేది కాదు.

బండికే కాదు, మనకూ ఇదే లెక్క. డిగ్రీ మొదటి ఏడాది కుర్రాడు లక్ష రూపాయల ల్యాప్‌టాప్ కావాలంటాడు. దాని మీద చేసేది అసైన్‌మెంట్లు టైపు చేయటం, సినిమాలు చూడటం. అప్పుడది దండగ. అతనే రెండేళ్ళ తర్వాత వీడియో ఎడిటింగు నేర్చుకుని నెలకు నాలుగు పెళ్ళిళ్ళ పని ఒప్పుకున్నాడనుకోండి, ఆ లక్ష అప్పుడు పెట్టుబడి. వస్తువు అదే, పని మారింది. అందుకే "ఇది మంచిదేనా?" అని అడగటం మానండి. "నేను ఒత్తిడి పెంచానా?" అని అడగండి.

ఈ ప్రశ్న వేసుకోకపోవటం మన ఒక్కరి జబ్బు కాదు. సాధారణ పెట్రోలు చాలునని కంపెనీ చెప్పిన బండ్లలో ప్రీమియం పోయించి అమెరికన్లు ఒక్క ఏడాదిలో 210 కోట్ల డాలర్లు వృథా చేశారని అక్కడి ఆటోమొబైల్ అసోసియేషన్ 2016లో లెక్క తేల్చింది.

మూత తెరిచి చదవండి

పెట్రోలు పోసే మూత తెరవండి. లోపలి వైపు చిన్న స్టిక్కర్ ఉంటుంది. అక్కడ లేకపోతే బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. కనీసం ఇంత ఆక్టేన్ కావాలని రాసి ఉంటుంది. కొన్ని బండ్లకు అంతకన్నా పెద్ద అంకె వేసి, ఇది పోస్తే మేలు అంటారు. "కావాలి" అన్న మాటకూ "మేలు" అన్న మాటకూ చాలా తేడా ఉంది. ప్రీమియం పోస్తే మేలని కంపెనీలే చెప్పిన బండ్లను 2017లో అదే అమెరికా సంస్థ పరీక్షించింది. సగటున మైలేజీ 2.7 శాతం, పవర్ 1.4 శాతం పెరిగాయి. ఇంటి నుంచి ఆఫీసుకు, ఆఫీసు నుంచి ఇంటికి తిరిగేవాళ్ళు ఆ మాత్రం తేడాకు ఎంత పెట్టాలో ఎవరికి వారు లెక్క వేసుకోవచ్చు.

ట్యూన్ చేయించిన రోజు నుంచి మాత్రం ఆ స్టిక్కర్ మాట చెల్లదు. మ్యాప్ రాసినవాడి మాటే చెల్లుతుంది. ఏ ఆక్టేన్‌కు రాశాడో కాగితం మీద రాయించుకోండి. "మంచి పెట్రోలే పోయండి బ్రదర్" అనేవాడి దగ్గర మ్యాప్ వేయించుకోకండి. మంచి అనేది అంకె కాదు.

అంకెల్లోనూ తిరకాసులున్నాయి. మన దేశంలో మామూలు పెట్రోలు ఒకప్పుడు 88. తర్వాత 91. ఇథనాల్ 20 శాతానికి చేరాక అది 95 అయిందని 2025 ఆగస్టులో కేంద్ర పెట్రోలియం శాఖ వివరణ ఇచ్చింది. ఎక్స్‌పీ95, పవర్95 లాంటి వాటికి పేరులోనే అంకె ఉంది. అంకె లేకుండా ఊరించే పేరు మాత్రమే ఉన్న ప్రీమియం కనపడితే ఆక్టేన్ ఎంతని అడగండి. అంకె పెరగకుండా ధర పెరిగిందంటే మీరు కొంటున్నది ఇంజన్ లోపల మసిని కడిగే రసాయనం. అది చెడ్డదేమీ కాదు. కానీ మీ మ్యాప్ అడిగింది అది కాదు.

అమెరికాలో డాలస్ దగ్గర ఉండే పెదనాన్న కొడుకు ఫోన్‌లో "నేను 93 కొట్టిస్తా తమ్ముడూ, నీకు 95 ఉందిగా, ఇంకేం!" అంటాడు. అక్కడి పంపు మీద ఉండే అంకె రెండు రకాల పరీక్షల సగటు. మన అంకె అందులో ఒక్క పరీక్షది. వాళ్ళ 93 మన లెక్కలో దాదాపు 98. వాళ్ళ 87 అంటే మన 91, 92. అన్నయ్య అబద్ధం చెప్పలేదు, ఆయన కొలబద్ద వేరు. పక్కవాడి జీతం, పక్కవాడి ర్యాంకు, పక్కవాడి ఇల్లు చూసి మన లెక్క వేసుకునే ముందు కొలబద్ద ఒకటేనా అని చూసుకోవటం అలవాటు చేసుకోండి. సగం అసూయలు అక్కడే ఆగిపోతాయి.

మంచి రోజుకు కాదు, మామూలు రోజుకు

ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి: మీకు దొరికే మంచి పెట్రోలుకు మ్యాప్ వేయించుకోకండి, రోజూ దొరికే పెట్రోలుకు వేయించుకోండి.

ఇండియన్ ఆయిల్ 2020 డిసెంబరు 1న ఎక్స్‌పీ100 పేరుతో 100 ఆక్టేన్ పెట్రోలు విడుదల చేసింది. ఢిల్లీలో ఆ రోజు లీటరు 160 రూపాయలు. తొలి విడతలో 10 నగరాలు, అందులో తెలుగు నగరం ఒక్కటీ లేదు. హైదరాబాదును తర్వాతి విడతకు పెట్టుకున్నారు. అలాంటి పెట్రోలు పెద్ద నగరాల్లోని ఎంపిక చేసిన బంకుల సరుకు. హైదరాబాదులో ట్యాంకు నింపుకొని అద్దంకి-నార్కెట్‌పల్లి రోడ్డు పట్టుకుంటే దాచేపల్లి, పిడుగురాళ్ళ, నరసరావుపేట దాకా మహారాజులా వస్తారు. రెండో ట్యాంకు సంగతి? రాత్రి 9 గంటలకు మాచర్లలో రిజర్వ్ లైటు వెలిగితే 100 కోసం ఎక్కడికి పోతారు? అక్కడ ఏది దొరికితే అదే పోస్తారు. 100 ఆక్టేన్ నమ్ముకుని రాసిన మ్యాప్‌కు ఆ రాత్రి గురించి తెలియదు.

పెట్రోలు ఒక్కటే కాదు, ఎండనూ లెక్కలోకి తీసుకోవాలి. వేసవి వచ్చిందంటే రాష్ట్రంలో అన్నిటికన్నా ముందు వార్తల్లోకి ఎక్కే పేరు రెంటచింతల. అక్కడ 45 డిగ్రీలు దాటటం కొత్త కాదు. ఇంజన్ పీల్చే గాలి వేడెక్కిన కొద్దీ నాకింగ్ దగ్గరవుతుంది. టర్బో ఆ గాలిని నొక్కి ఇంకా వేడెక్కిస్తుంది. చల్లబరచాల్సిన ఇంటర్‌కూలర్‌కు తగిలే గాలే నిప్పులు చెరుగుతుంటే అది మాత్రం ఏం చేస్తుంది? బెంగళూరు సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. గాలి ఒత్తిడి ఇక్కడికన్నా సుమారు పదో వంతు తక్కువ, సాయంత్రాలు చల్లన. అక్కడి ట్యూనింగ్ షెడ్డులో ఫ్యాన్లు పెట్టి తీసిన పవర్ గ్రాఫు ముచ్చటగానే ఉంటుంది. మే నెల మధ్యాహ్నం గురజాల నుంచి మాచర్లకు పోతున్నప్పుడు ఆ గ్రాఫు మీ వెంట రాదు.

తెలివైన ట్యూనర్ ఏం చేస్తాడు? "ఏ ఊరు? ఎండాకాలం బయటికి తీస్తారా? మీ దగ్గరి బంకులో ఏం దొరుకుతుంది?" అని అడుగుతాడు. ఆ తర్వాత 15, 20 హార్స్‌పవర్ తగ్గించి రాస్తాడు. అడగకుండా పెద్ద అంకె చేతిలో పెట్టేవాడు మీ ఇంజన్‌కు శత్రువు.

ఇప్పుడు కారును పక్కన పెట్టండి. మనలో చాలామంది జీవితం బెంగళూరు సాయంత్రానికి రాసుకున్న మ్యాప్. ఉగాది రోజు ఉత్సాహంలో రోజుకు 14 గంటలు చదువుతానని టైంటేబుల్ వేస్తాడు గ్రూప్స్‌కు చదివే కుర్రాడు. అందులో కరెంటు పోయిన రాత్రి లేదు, చెల్లెలికి జ్వరం వచ్చిన రోజు లేదు, తనకు విసుగు పుట్టిన మధ్యాహ్నం లేదు. పది రోజులకు టైంటేబుల్ గోడ మీద మిగులుతుంది. రోజుకు 6 గంటలని వేసుకుని, చికాకుల రోజున కూడా ఆ 6 చదివినవాడు ఏడాది చివర్లో ముందుంటాడు.

మిర్చి రైతును అడగండి, ఇంకా బాగా చెబుతాడు. 2023లో మేలు రకం మిర్చి గుంటూరు యార్డులో క్వింటాలు 20 వేలు దాటింది. 2025 ఫిబ్రవరికి ధర ఎంత పడిందంటే, కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది. 20 వేల ఏడాదిని చూసి కౌలు మాట్లాడుకున్నవాడికీ, మామూలు ఏడాది ధర మీద లెక్క వేసుకున్నవాడికీ మధ్య తేడా తెలివిది కాదు. లెక్క ఏ రోజు మీద మొదలుపెట్టారన్నదే తేడా.

కాబట్టి లక్ష్యం పెట్టుకునేటప్పుడు మీ అతి మామూలు రోజును ముందు పెట్టుకోండి. నిద్ర చాలని రోజు, చేతిలో డబ్బు లేని రోజు, ఇంట్లో మాట పడ్డ రోజు. ఆ రోజు కూడా చేయగలిగింది ఎంత? అదే మీ మ్యాప్. మంచి రోజు దొరికితే దానికి మించి చేయండి, ఎవరూ వద్దనరు.

చప్పుడు వినండి

పిడుగురాళ్ళ దాటాక సిమెంటు లారీ వెనక చిక్కుకున్నారు. బండి ఐదో గేరులో 50లో నడుస్తోంది. ఎదురుగా రోడ్డు ఖాళీ అయింది. గేరు దించే ఓపిక లేక అలాగే యాక్సిలరేటర్ నేలకు తొక్కారు. ఇంజన్ మెల్లగా తిరుగుతుండగా టర్బో ఒక్కసారిగా గాలి కుక్కింది. బానెట్ కింద నుంచి డబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్టు గలగల. రెండు సెకన్లు ఉండి ఆగిపోయింది. లారీని దాటేశారు. పాట సౌండు పెంచారు.

ఆ గలగల ఆగిపోయింది బండి బాగుపడి కాదు. ఇంజన్‌కు ఉన్న నాక్ సెన్సర్ ఆ కుదుపును పసిగట్టి, నిప్పు అంటించే సమయాన్ని వెనక్కు జరపమని కంప్యూటర్‌కు చెప్పింది. బండి పవర్ తగ్గించుకుని ప్రాణం కాపాడుకుంది. మళ్ళీ మళ్ళీ అదే జరిగితే పికప్ పడిపోయిందని మీరే మెకానిక్ దగ్గరికి వెళ్తారు. సెన్సర్ సర్దగలిగే దానికీ ఒక హద్దుంది. అది దాటితే పిస్టన్ పగులుతుంది.

పరిష్కారం చిటికెలో పని. మూడో గేరుకు దించి అప్పుడు తొక్కండి. ఇంజన్ వేగంగా తిరుగుతున్నప్పుడు మిశ్రమం ఎక్కువసేపు నలగదు, నాకింగ్ అవకాశం తగ్గుతుంది. లీటరుకు పది రూపాయలు ఎక్కువ పెట్టి కొన్న పెట్రోలు చేయలేని పని ఒక్క గేరు చేస్తుంది.

మనిషి కూడా ముందు గలగలమంటాడు, తర్వాతే పగులుతాడు. చిన్న మాటకే పిల్లల మీద అరవటం, రాత్రి 2 గంటలకు మెలకువ రావటం, ఇష్టమైన పని కూడా బరువనిపించటం, ఇవన్నీ సెన్సర్ ఇచ్చే కబుర్లు. వెంటనే ఖరీదైన మందో, కొత్త కోర్సో కొనే ముందు గేరు దించి చూడండి. ఒక బాధ్యత తగ్గించుకోండి, గడువు వారం జరపమని అడగండి. అడగటానికి నామోషీ పడి పగిలిపోయిన పిస్టన్లు ఆఫీసుల నిండా ఉన్నాయి.

అవసరమైన చోట పిసినారితనం వద్దు

ఇంతదాకా డబ్బు మిగిల్చే మాటలు చెప్పాను. ఇప్పుడు పెట్టే మాట.

మీ మ్యాప్ 97 అడిగిందంటే ప్రతి ట్యాంకుకూ 97 కావాల్సిందే. జీతం వచ్చిన వారం ప్రీమియం, నెలాఖరున నార్మల్ అంటే కుదరదు. 40 లీటర్ల ట్యాంకులో సగం 95, సగం 97 కలిపితే తేలేది 96 దగ్గర. సగం ఖర్చు పెట్టారు గనుక సగం రక్షణ దొరుకుతుందనుకోకండి. నాకింగ్ దొరికిన ఆ సందులోంచే వస్తుంది. నెలకు కొన్ని వందలు మిగుల్చుకుని లక్షల ఇంజన్‌ను పందెంలో పెట్టటం పొదుపు అనిపించుకోదు. ఆ వందలు భారమనిపిస్తే నిజాయితీగా మామూలు పెట్రోలు మ్యాప్‌కు దిగండి. అది ఓటమి కాదు.

ఆక్టేన్ బూస్టర్ సీసాలతో జాగ్రత్త. "30 పాయింట్లు పెంచుతుంది" అని ఉంటే 95 కాస్తా 125 అవుతుందని సంబరపడకండి. ఆ వ్యాపారంలో పాయింటంటే పదో వంతు. 30 పాయింట్లంటే మూడే అంకెలు.

బంకులో కూడా నోరు తెరవండి. సరుకు మీద అనుమానం వస్తే ఫిల్టర్ పేపర్ అడగటం మీ హక్కు. దాని మీద ఒక చుక్క వేయిస్తే మంచి పెట్రోలు మరక లేకుండా ఆరిపోతుంది. కొలత మీద అనుమానమైతే తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న 5 లీటర్ల పాత్రలో పోయించుకోండి. ప్రీమియం ఎక్కువ అమ్ముడయ్యే బంకును ఎంచుకోండి. నెలల తరబడి ట్యాంకులో నిలవున్న సరుకు పేరు గొప్పదైనా పనికి తక్కువ. ఫిల్టర్ పేపరు ఆక్టేన్ అంకె చెప్పదు, కల్తీ జాడ మాత్రం చెబుతుంది. ఆ హద్దూ తెలుసుకుని అడగండి.

పందెం కాసే ముందు

పందెం ఎంత దూరం తీసుకుపోతుందో పల్నాటి వాళ్ళకు ఒకరు చెప్పాలా? 12వ శతాబ్దంలో గురజాల నాగమ్మ, మాచర్ల బ్రహ్మనాయుడు వర్గాల మధ్య జరిగిన కోడిపందెం షరతు, ఓడినవాళ్ళు ఏడేళ్ళు రాజ్యం విడిచి పోవాలని. మాచర్ల వాళ్ళు ఓడారు, పోయారు. గడువు తీరాక రాజ్యం అడగటానికి రాయబారం వెళ్ళిన అలరాజు ప్రాణాలు పోయాయి. చివరికి కారెంపూడిలో నాగులేరు ఒడ్డున రెండు పక్షాలూ దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. గెలిచే రోజును మాత్రమే చూసి కాసిన పందెం అది.

హైవే మీద పక్కన ఎవడో హారన్ కొట్టి కవ్విస్తే తొక్కటం కూడా అలాంటి పందెమే. ఎదురుగా పత్తి ట్రాక్టర్ లైటు లేకుండా రావచ్చు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన తీరు నుంచి బండిని మార్చటమే చిక్కు. ప్రమాదం జరిగాక బీమా కంపెనీ రీమ్యాప్ సంగతి అడిగితే జవాబు ఉండదు. వేగం మీద నిజంగా మోజుంటే మద్రాసు దగ్గర ఇరుంగాట్టుకోట్టై సర్క్యూట్ ఉంది. డబ్బు కట్టి, హెల్మెట్ పెట్టుకుని తొక్కండి. ఓడినా ఇంటికి తిరిగొస్తారు.

ఈ వారం చేయండి

1. మూత లోపలి అంకె చదవండి. ట్యూన్ చేయించి ఉంటే మ్యాప్ అంకె కాగితం మీద తెప్పించుకోండి.

2. మీరు తరచుగా తిరిగే దారిలో ఏ బంకులో ఏ ఆక్టేన్ దొరుకుతుందో రాసుకోండి. ఆ జాబితాలో అన్నిటికన్నా చిన్న అంకెకు మీ మ్యాప్ తట్టుకుంటుందా అని ట్యూనర్‌ను అడగండి.

3. గత 6 నెలల్లో మొహమాటానికి పెట్టిన ఖర్చులు మూడు, పిసినారితనంతో చెడగొట్టుకున్న పనులు మూడు రాయండి. మొదటి మూటలోని డబ్బు రెండో మూటకు సరిపోయేదేమో చూడండి. చాలాసార్లు సరిపోతుంది.

4. మీ పెద్ద లక్ష్యాన్ని తీసుకుని, గత నెలలో మీకు అన్నిటికన్నా చికాకు పెట్టిన రోజున అందులో ఎంత చేయగలిగేవారో లెక్క కట్టండి. రేపటి నుంచి రోజుకు అంతే పెట్టుకోండి. చిన్నగా కనపడుతుంది, కనపడనివ్వండి. మూడు నెలలు ఒక్క రోజు తప్పకుండా చేశాక, అప్పుడు బూస్ట్ పెంచండి. పెంచిన రోజు నుంచి దానికి తగిన ఖర్చు పెట్టటానికి మాత్రం వెనకాడకండి.